అద్దంలో తోడేలు: సటీకాతాత్పర్యం

మూలం: “అంతా బానే ఉంది గానీ, ఆ తోడేలు ఎందుకసలు?”

అవతారిక. నెట్‌ఫ్లిక్స్‌లో 2023 జూన్ 15న ‘బ్లాక్ మిర్రర్’ ఆరో సీజన్ విడుదలైంది. అయిదు ఎపిసోడ్లు. దేని కథ దానిదే, దేని పాత్రలు దానివే. నాలుగోదాని పేరు ‘మేజీ డే’. రచన చార్లీ బ్రూకర్, దర్శకత్వం ఊటా బ్రీసెవిట్స్. ముప్పావుగంట కూడా లేని ఈ ఎపిసోడ్ చూసి లేచినవాళ్ళు రెండు జట్లయ్యారు. మెచ్చనివారి జట్టే పెద్దది. ఆ సీజన్‌కి ప్రేక్షకులిచ్చిన రేటింగుల్లో అట్టడుగున ఉన్నది ఇదే. వాళ్ళ నోట నానా పాఠభేదాలతో వినబడిన మాటను పరిష్కరించి, తిట్లన్నీ తీసేస్తే మిగిలిన శుద్ధపాఠం పైన అచ్చయింది. కర్త ఫలానా అని చెప్పడానికి లేదు.

మెదక్ సీమ కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాయబోతూ రెండు ఒట్లు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయనని ఒకటి, అక్కర్లేనిది చెప్పనని రెండోది. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటిదానికి కట్టుబడతాడు. రెండోదానికి కూడా కట్టుబడితే ఈ వ్యాసం అరపేజీలో ముగిసిపోతుంది.

ఉదాహరణకి నామవిచారం. ఇంగ్లండు నైరుతి కొసన కార్న్‌వాల్‌లో పెన్‌జాన్స్ అనే రేవుపట్నం ఉంది. అక్కడ ఏటా జూన్ నెలాఖర్లో గోలోవన్ అనే ఉత్సవం జరుగుతుంది. అందులో పెద్దరోజు పేరు మేజీ డే. ఆ తిరునాళ్ళకీ ఈ కథకీ సంబంధమేమీ కనబడదు. అందుకే వ్యాఖ్యాత దాన్ని వదల్లేకపోయాడు.

కథాసంగ్రహం. పాతకాలపు టీకాకారులకు ‘స్పాయిలర్’ భయం లేదు. దుష్యంతుడి ఉంగరం చేప కడుపులో దొరుకుతుందని ముందుగా చెప్పినందుకు ఎవరూ ఎవరినీ తిట్టలేదు. ఇక్కడా దాపరికం ఉండదు. కాలం 2006, చోటు లాస్ ఏంజెలెస్. టామ్ క్రూజ్, కేటీ హోమ్స్ జంటకి పాప పుట్టిందన్న వార్త మోగుతూ ఉంటుంది. బో (నటి జాజీ బీట్స్) తారల వెంటపడి ఫొటోలు తీసి అమ్ముకునే పాపరాజీ. ఒక టీవీ నటుడు మరో మగవాడితో ఉండగా ఆమె తీసిన ఫొటో బయటికొస్తుంది. అతను ఆత్మహత్య చేసుకుంటాడు. బో ఆ పని మానేస్తుంది గానీ అప్పులవాళ్ళు అడగడం మానరు. ఇంతలో మేజీ డే (క్లారా రూగార్డ్) అనే నటి చెక్ దేశంలో షూటింగ్ మధ్యలో వదిలేసి కంటికి కనబడకుండా పోతుంది. ఒక రాత్రి మత్తులో కారు నడుపుతూ ఆమె దేన్నో గుద్దిందని మనకు ముందే చూపిస్తారు. మేజీ ఫొటోకి మంచి రేటు పలుకుతోందని తెలిసి బో మళ్ళీ కెమెరా పట్టుకుంటుంది. వాసన పట్టి మిగతా పాపరాజీలు కూడా వెనకే వస్తారు. ఊరికి దూరంగా ఒక విశ్రాంతి కేంద్రంలో మేజీ మంచానికి గొలుసులతో కట్టేసి కనబడుతుంది. వాళ్ళు ఫొటోలు తీస్తూనే ఉంటారు. చంద్రుడు పైకొస్తాడు. ఆ పిల్ల తోడేలైపోతుంది.

తరవాత పరుగు, నెత్తురు, రోడ్డు పక్క హోటల్లో కాల్పులు. బో కాల్చిన గుళ్ళు తగిలి తోడేలు మళ్ళీ మేజీ అవుతుంది, తనను చంపెయ్యమని వేడుకుంటుంది. బో తుపాకిని మేజీ చేతికిచ్చి తను కెమెరా కంటికి ఆనించుకుంటుంది. కథ అక్కడితో సరి.

ప్రతిపదార్థం. అంతా = తోడేలు రాకపూర్వము నడిచిన కథాభాగమంతయు; బానే = బాగుగానే, అనగా చేతిలోని ఫోను వంక చూడకుండునంతగా; ఉంది = ఉన్నది; గానీ = ఇంతదనుక ఇచ్చిన మార్కులను వెనుకకు తీసికొనుచు; ఆ = చెప్పాపెట్టక ఊడిపడినట్టి; తోడేలు = పున్నమినాడు మృగమగు మేజీ; ఎందుకు = ఏ శాస్త్రమును బట్టి; అసలు = నెలనెలా చందా కట్టువారికి జవాబు చెప్పవలెను గదా అను అర్థమున అవ్యయము.

ఈ వాక్యానికి ఆయువుపట్టు ‘గానీ’. దానికి అటువైపున్న ‘బానే ఉంది’ మొహమాటానికి అన్నది కాదు. ఎపిసోడ్‌ని ఏకిపారేసినవాళ్ళు కూడా మొదటి భాగాన్ని ఒప్పుకున్నారు. 2006 అని ఎంచుకోవడం తెలివైన పని. అందరి చేతుల్లోకీ కెమెరా తెచ్చిన ఐఫోన్ అమ్మకానికి వచ్చింది 2007 జూన్‌లో. అంతకుముందటి ఏడాదికి తారల బతుకుని అమ్ముకునే గుత్తహక్కు ఇంకా పొడుగు లెన్సున్నవాళ్ళదే. ప్యారిస్ సొరంగంలో డయానా చనిపోయి అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆ రాత్రి ఆమె కారు వెనక మోటారు సైకిళ్ళ మీద వచ్చినవాళ్ళు ఈ వృత్తివాళ్ళే. అంతా జరిగాక కూడా బజారు తగ్గలేదు. బో అద్దె కట్టడానికి ఒక మనిషి పరువు ఎంతకు అమ్ముడుపోతుందో లెక్క వేసుకునే దృశ్యాల్లో దయ్యమూ లేదు, రాక్షసీ లేదు, అయినా వెన్ను జలదరిస్తుంది. అలాంటి కథలోకి ఒంటినిండా బొచ్చున్న జంతువొకటి దూకితే ‘గానీ’ అనబుద్ధి కావడం సహజమే.

పూర్వపక్షం. ఆక్షేపించేవారి మొదటి వాదం పేరు మీద. బ్లాక్ మిర్రర్ అంటే ఆర్పేసిన తెర. టీవీ గానీ ఫోన్ గానీ కట్టేస్తే అందులో మన మొహమే నల్లగా కనబడుతుంది. అంటే ఇది యంత్రాల వల్ల మనుషులకొచ్చే చేటు చెప్పే సీరీస్. కాబట్టి చిప్పులుండాలి, యాప్‌లుండాలి, పున్నమి వెన్నెల ఉండకూడదు. రెండో వాదం: సూచన లేకుండా తెచ్చారు. మూడోది: నీతి మరీ తేటగా ఉంది, వేటగాళ్ళే అసలు మృగాలని చెప్పడానికి నిజం మృగాన్ని తేవాలా?

సమాధానం. మొదటివాదం నిలవదు. ఈ సీరీస్ బ్రిటన్‌లో చానెల్ 4లో మొదలైంది 2011 డిసెంబరు 4న. ఆ మొట్టమొదటి ఎపిసోడ్ ‘ది నేషనల్ ఆంథెమ్’లో రాబోయే కాలపు యంత్రమేదీ లేదు. రాకుమారిని ఎత్తుకుపోయినవాడు ప్రధానమంత్రిని టీవీ కెమెరాల ముందు ఏం చెయ్యమన్నాడో ఇక్కడ రాయడం బాగుండదు; అందులో ఒక పంది ఉందని మాత్రం చెప్పొచ్చు. అద్దంలోకి జంతువు రావడం కొత్త కాదు. ఇక యంత్రమంటారా, ‘మేజీ డే’లో అది మొదట్లోనూ చివర్లోనూ బో చేతిలోనే ఉంది.

రెండోవాదం సగమే నిలుస్తుంది. చెక్ దేశపు రాత్రి రోడ్డు, గొలుసులు: వెనక్కి తిరిగి చూస్తే ఆనవాళ్ళున్నాయి. కానీ వాటిని పెట్టిన తీరు చూస్తే, మత్తుమందుల కథ అనుకోండి అని ప్రేక్షకుణ్ణి తప్పుదోవ పట్టించడానికే ఎక్కువ శ్రమపడ్డారు. మోసపోయినవాడికి ఆనవాళ్ళు తరవాత చూపిస్తే ఊరట కలగదు. మూడోవాదాన్ని వ్యాఖ్యాత కొట్టిపారెయ్యలేడు.

అయితే అసలు గొడవ తోడేలుది కాదని చెప్పడానికి అదే సీజన్‌లో సాక్ష్యం ఉంది. మేజీ డే తరవాతి ఎపిసోడ్ ‘డీమన్ 79’. 1979లో ఇంగ్లండు ఉత్తరాన చెప్పుల కౌంటర్లో పనిచేసే నిదా అనే దక్షిణాసియా సంతతి అమ్మాయికి ఒక తాయెత్తులోంచి దయ్యం ప్రత్యక్షమై, ముగ్గుర్ని చంపితేనే లోకం మునగకుండా ఉంటుందంటుంది. బిషా కె. అలీతో కలిసి బ్రూకర్ రాసింది. నిదాగా నటించిన అంజనా వాసన్ పుట్టింది చెన్నైలోనే. ఇందులో దయ్యం మొదట్లోనే వచ్చి చివరిదాకా కబుర్లు చెబుతుంది. చిప్పు లేదు, యాప్ లేదు. అయినా ‘దయ్యమెందుకు?’ అన్నవాళ్ళు తక్కువ, మెచ్చినవాళ్ళు బాగానే ఉన్నారు. కారణం తెర మీదే కనబడుతుంది. మొదట్లోనే ‘ఇది రెడ్ మిర్రర్ చిత్రం’ అని ముద్ర వేశారు. నలుపు బదులు ఎరుపు అని ఒక్క అట్ట మార్చేసరికి దయ్యానికి ఇల్లు దొరికింది. ఆ ముద్రే తోడేలుకీ వేసి ఉంటే మూలవాక్యం ఇంత గట్టిగా వినబడేది కాదు.

మన థియేటర్లలోనూ దీనికి నిదర్శనముంది. వరుణ్ ధావన్ నటించిన హిందీ ‘భేడియా’ 2022 నవంబరులో తెలుగులోకి వచ్చింది. ఇక్కడ పెట్టిన పేరు ‘తోడేలు’. మనిషి తోడేలయ్యే కథే అది కూడా. టికెట్ మీదే జంతువు పేరుంటే ఎందుకని ఎవరు అడుగుతారు? అమెరికాలో రాడ్ సెర్లింగ్ 1959లో మొదలుపెట్టిన ‘ది ట్వైలైట్ జోన్’ ఇదే ఎత్తు వేసి 156 ఎపిసోడ్లు నడిపింది. ఆ పేరులోనే ఏదైనా జరగొచ్చని ఉంది, అంచేత ఒక వారం అంతరిక్షనౌక వచ్చినా మరో వారం మాట్లాడే బొమ్మ వచ్చినా చూసేవాళ్ళు తయారుగా ఉన్నారు.

రసవిచారం. ఔచిత్యం తప్పడమే రసభంగానికి కారణమని ఆనందవర్ధనుడన్నాడు కదా అని ఆక్షేపకులు ఆయన్ని తమ జట్టులో వేసుకుంటారు. తొందరపడకూడదు; అవతలి జట్టు దగ్గర అంతకన్నా పాతవాడున్నాడు. నాటకం ఏ రసంతో నడిచినా నిర్వహణసంధిలో, అంటే ముగింపులో, అద్భుతరసం ఉండాలని చెప్పినవాడు సాక్షాత్తూ భరతుడు. ముగింపులో నోరు వెళ్ళబెట్టించమన్నాడు. బ్రూకర్ అదే చేశాడు. నాట్యశాస్త్రం ప్రకారం తోడేలు శిష్టప్రయోగం.

నోరైతే తెరుచుకుంది గానీ చాలామందికి అందులోంచి నవ్వొచ్చింది. ఇక్కడే వ్యాఖ్యాత తన అభిప్రాయం చెప్పక తప్పదు. తప్పు మృగానిది కాదు, హడావిడిది. 1981లో వచ్చిన ‘యాన్ అమెరికన్ వేర్‌వుల్ఫ్ ఇన్ లండన్’లో మనిషి తోడేలవడం దీపాల వెలుగులో, తాపీగా, ఎముక ఎముకా సాగుతుంటే చూపించారు. ఆ పనికి రిక్ బేకర్‌కి ఆస్కార్ వచ్చింది. పోటీ పెట్టి మేకప్‌కి ఆస్కార్ ఇవ్వడం ఆ ఏడాదే మొదలు. అక్కడ మారుతున్నవాడి నొప్పి ముందు చూస్తాం, పంజా తరవాత. మేజీ నొప్పికి ఈ ఎపిసోడ్ అంత వ్యవధి ఇవ్వలేదు. ఆమె ఎవరో తెలిసేలోపే మృగమైంది, మృగంగా చూసి భయపడేలోపే హోటల్లో పడింది. చివరి దృశ్యంలో ఆమె మీద జాలి కలగాలి, దానికి కావలసిన పరిచయం మనకు లేదు. మరో పావుగంట ఉంటే జట్ల బలాబలాలు మారేవేమో.

(వెండి లేకుండా తోడేలెలా కూలిందని అడిగే నైయాయికులు కొందరున్నారు. 1941 నాటి ‘ది వుల్ఫ్ మ్యాన్’లో దాన్ని చంపింది వెండిపిడి చేతికర్ర. నిండు పున్నమి నియమం స్థిరపడింది 1943లో వచ్చిన దాని కొనసాగింపులో. సినిమావాళ్ళు పెట్టిన నియమాన్ని టీవీవాళ్ళు సడలిస్తే అపౌరుషేయమేదీ చెడదు.)

విశేషం. మెచ్చినవాళ్ళు ఆ చివరి దృశ్యం కోసమే మెచ్చారు. దానికి మన దగ్గర పోలిక ఆదిపర్వంలో ఉంది. పాండురాజు అడవిలో జింకల జంట మీద బాణాలు వేశాడు. కూలిన జింక మనిషి గొంతుతో మాట్లాడింది. అది జింక రూపంలో ఉన్న కిందముడనే ముని. వేట రాజులకు ధర్మమేనని పాండురాజు మొదట వాదించాడు, శాపం తగిలాక విరక్తితో రాజ్యం వదిలాడు. బో కూడా జంతువుని కొట్టి మనిషిని చూసింది. ఆమె తోటివాళ్ళు కూడా ఇది మా వృత్తి అనే వాదించారు. మొదటి చావు తరవాత విరక్తి చెంది పని వదిలిన ఒకే ఒక్క మనిషి ఆమె. తీరా రెండో చావు ఎదురుగా ఉన్నప్పుడు ఫోకస్ సరిచేసుకుంటుంది. తోడేలును తీసేసి ఆ స్థానంలో మత్తుకు బానిసైన నటిని పెట్టినా ఈ దృశ్యం ఉండేది, కానీ అప్పుడు బో తుపాకి పట్టాల్సిన పని ఉండేది కాదు, తన కాల్పుల వల్లే చావు అంచుకు చేరిన మనిషి ముందు కెమెరా ఎత్తాల్సి వచ్చేది కాదు. కథకి తోడేలు ఇచ్చింది అదీ.

తాత్పర్యం. బాగున్న కథలోకి అనుకోనిది వచ్చినందుకు ప్రేక్షకుడు నొచ్చుకుంటున్నాడని భావం. శాస్త్రచర్చల్లో పూర్వపక్షం ఓడి సిద్ధాంతం నిలవడం ఆనవాయితీ. ఇక్కడ మరోలా జరిగింది. ఏడో సీజన్ 2025 ఏప్రిల్ 10న వచ్చింది. ఆరు ఎపిసోడ్లు. ఆరింటికీ ఏదో ఒక యంత్రమే మూలం. అందులో ‘యూలజీ’ అనేది పాత ఫొటోల్లోకి అడుగుపెట్టి పోగొట్టుకున్న ప్రేమను వెతుక్కునే మనిషి కథ. పాల్ జామాటి నటించిన దాన్ని రెండు జట్లవాళ్ళూ మెచ్చారు. ఎర్ర ముద్రతో మాత్రం ఒక్కటీ రాలేదు.