ఆకాశరామన్నకు నేనిచ్చిన ఫారం

మా కంపెనీకి ఫిర్యాదుల పోర్టల్‌ను ఎంచి తెచ్చింది నేనే. డెమోలు చూశాను, కొటేషన్లు పక్కపక్కన పెట్టి బేరీజు వేశాను, ఆడిట్ కమిటీకి నోట్ రాశాను, సంతకాలు చేయించాను. ఆ తర్వాత ప్లాంటు క్యాంటీన్‌లో షిఫ్టు మారే వేళ మైకు పట్టుకుని, "ఇందులో రాస్తే మీ పేరు ఎవరికీ తెలియదు, దానికి నాదీ పూచీ" అని అందరి ముందూ అన్నాను. పూచీ పడే ముందు పేరు ఎలా దాగుతుందో నేను చూసుకోలేదు. డెమో ఇచ్చిన కుర్రాడు ఒక గడిలో టిక్కు పెట్టాడు, తెర మీద పేరుండే చోట చుక్కలు వచ్చాయి. అంతటితో నమ్మేశాను. ఏళ్ల తరబడి ఇంటర్నల్ ఆడిట్‌లో ఉన్నవాణ్ణి. రసీదు లేకుండా వంద రూపాయల ఖర్చు కూడా పాస్ చెయ్యను. ఒక మనిషి కూటికి సంబంధించిన విషయాన్ని మాత్రం టిక్కు చూసి పాస్ చేశాను.

దానివల్ల నష్టపోయింది నేను కాదు, గోదాములో కాంట్రాక్టరు కింద పనిచేసే డేటా ఎంట్రీ ఆపరేటర్. స్క్రాప్ అమ్మకాల్లో తూకం తక్కువ చూపిస్తున్నారన్నది అతని ఫిర్యాదు. ఖాళీ డ్రమ్ములూ తుక్కు ఇనుమూ ఎత్తుకున్న లారీ గేటు దాటేటప్పుడు వేబ్రిడ్జి స్లిప్పు మీద ఒక బరువు, గేట్ పాస్ మీద అంతకంటే తక్కువ బరువు ఉండేవి. స్క్రాప్ వ్యాపారి డబ్బు కట్టేది గేట్ పాస్ లెక్కన. రెండు కాగితాలూ ఇతని టేబుల్ మీదుగానే ఫైల్లోకి వెళ్లేవి. రెండింటినీ ఫోన్లో ఫోటో తీసి, పెన్ డ్రైవ్‌లో తెచ్చి పోర్టల్‌లో పెట్టాడు.

ఆకాశరామన్న ఉత్తరాలు మన ఆఫీసులకు కొత్తవి కావు. పాత రోజుల్లో అవి రాసేవాడు ఎడమ చేత్తో రాసి, పక్క ఊరికి వెళ్లి డబ్బాలో వేసి వచ్చేవాడు. చదివేవాడికి ఎంత తెలియనివ్వాలో రాసేవాడి చేతిలోనే ఉండేది. 2008 డిసెంబరులో, మన హైదరాబాద్ కంపెనీ సత్యం కంప్యూటర్స్ స్వతంత్ర డైరెక్టర్ ఒకరికి మారుపేరుతో ఒక ఈమెయిల్ వెళ్లింది. కంపెనీ లెక్కల్లో మోసం ఉందని అందులోని ఆరోపణ. మూడు వారాలు తిరక్కుండానే, 2009 జనవరి 7న, కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు లేనే లేవని ఆయనే రాశారు. ఆ ఈమెయిల్ పంపిన మనిషిని నీ విభాగమేది, నీ షిఫ్టేది అని ఎవరూ అడగలేదు. నేను తెచ్చిన ఫారం అడిగింది.

ఏమేం అడిగిందో రాస్తాను. ప్లాంటు, విభాగం, షిఫ్టు, సంఘటన జరిగిన తేదీ, వేళ, 'ఈ విషయం మీకు ఎలా తెలిసింది', 'ఇంకా ఎవరికి తెలుసు'. ప్రతి గడి పక్కనా ఎర్ర నక్షత్రం. నింపకపోతే ఫారం ముందుకు కదలదు. ఆ నక్షత్రాలు పెట్టించింది నేనే. విచారణ చేసేవాళ్లకు సులువవుతుందని, త్రైమాసిక నివేదికలో విభాగాలవారీగా గ్రాఫులు వస్తాయని. గోదాము అని నొక్కి, రాత్రి షిఫ్టు అని నొక్కితే మిగిలేది ముగ్గురు. ఆ ముగ్గురిలో గేట్ పాస్‌నూ వేబ్రిడ్జి స్లిప్పునూ పక్కపక్కన చూడగలిగేది ఒక్కడు. పేరు గడి ఖాళీగానే ఉంది, పేరు తప్ప మిగతా అంతా అతని చేత చెప్పించాను. ఫోటోల్లో అవి ఏ ఫోన్‌తో, ఏ వేళకు తీసినవో కూడా అలాగే ఉండిపోయింది. జాగ్రత్తగా కట్టిన పోర్టళ్లు ఆ వివరాలు చెరిపేశాకే ఫైలును ముందుకు పంపిస్తాయి. మాది చెరపదు. చెరుపుతుందా అని అడగాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు.

ఏ రకం ఫిర్యాదు ఎవరికి చేరాలన్న పట్టికనూ నేనే నింపాను. ఆస్తుల దుర్వినియోగం కింద నమోదైనవన్నీ నాకూ, ప్లాంటు అడ్మిన్ హెడ్‌కూ ఒకేసారి మెయిల్‌లో వెళ్లాలి. గేట్ పాస్‌ల మీద సంతకం చేసేది ఆయనే. ఎవరి మీద ఫిర్యాదో వాళ్ల కంట పడకుండా ఆపే సదుపాయం ఆ సాఫ్ట్‌వేర్‌లో లేకపోలేదు, అది పై ప్లాన్‌లో ఉంది. కింది ప్లాన్ తీసుకుని ఖర్చు తగ్గించానని నోట్‌లో గర్వంగా రాశాను.

మర్నాడు పొద్దున్నే ఆయన ఫోన్ చేశారు. తూకం మాటే ఎత్తలేదు. "ముందు ఇది ఎవడు రాసిండో కనుక్కోండి" అన్నారు. పెద్ద పెద్ద చోట్ల కూడా ఇదే మొదటి ప్రశ్న. 2016లో బార్‌క్లేస్ బ్యాంకు అధిపతి జెస్ స్టేలీ తనకు తెలిసిన ఉద్యోగి మీద వచ్చిన అనామక లేఖ ఎవరిదో కనిపెట్టమని బ్యాంకు భద్రతా విభాగాన్ని పురమాయించారు. 2018లో బ్రిటన్ నియంత్రణ సంస్థలు ఆయనకు 6,42,430 పౌండ్ల జరిమానా వేశాయి. ఆ కేసు నాకు తెలుసు, నోట్‌లో రాశాను కూడా. అయినా ఆ పొద్దున "ఆ ప్రశ్న మీరు అడగకూడదు సార్" అన్న మాట నా నోట రాలేదు. "పోర్టల్‌లో పేరు రాదండీ" అన్నాను. అలా అనేస్తే నా పని అయిపోయినట్టే అనుకున్నాను.

ఆయనకు పేరు అక్కర్లేదు. పోర్టల్ అప్పట్లో కంపెనీ నెట్‌వర్క్ మీదే తెరుచుకునేది, బయట ఫోన్లో వచ్చేది కాదు. అందుకని కార్మికుల కోసం టైమ్ ఆఫీస్ పక్కన, పంచింగ్ మిషన్ దగ్గర ఒక కంప్యూటర్ పెట్టించాను. అందరికీ కనపడాలని ఆ చోటు నేనే చూపించాను. దాని నెత్తిన సీసీ కెమెరా ఉంది. ఫిర్యాదు ఏ నిమిషానికి అందిందో మెయిల్‌లోనే ఉంటుంది. ఆ నిమిషం దగ్గర రికార్డింగు చూడ్డానికి అడ్మిన్ హెడ్‌కు ఎవరి అనుమతీ అవసరం లేదు. ఒకవేళ కెమెరా లేకపోయినా కార్డు నంబరు కొడితేనే పోర్టల్ తెరుచుకునేది. టిక్కు పెడితే తెర మీద నంబరు దాగేది, సర్వర్‌లో దాగేది కాదు. దానికి తోడు ఫారం ఇంగ్లిషులోనే ఉంది, వేరే భాషలకు విడిగా కట్టాలి. లోడింగ్ చేసే ఒడియా వాళ్లకో, తెలుగు మాత్రమే చదవగలిగే హెల్పర్లకో ఏదైనా చెప్పాలనిపిస్తే ఇంగ్లిషు వచ్చినవాణ్ణి పక్కన నిలబెట్టుకుని రాయించుకోవాలి. రహస్యం అక్కడే ఇద్దరిదైపోతుంది.

కాంట్రాక్టరుకు ఫోన్ వెళ్లింది, రేపటి నుంచి ఆ అబ్బాయిని పంపొద్దని. నోటీసు లేదు, ఆర్డరు లేదు. పనిలోంచి తీసేసినట్టు ఏ కాగితం మీదా లేదు. 2013 కంపెనీల చట్టం 177వ సెక్షన్ లిస్టెడ్ కంపెనీలకు ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి చేసింది, దాన్ని వాడుకున్నవాళ్లను వేధించకుండా రక్షణ ఉండాలనీ చెప్పింది. కానీ అందులో ఉన్నది డైరెక్టర్లు, ఉద్యోగులు. కాంట్రాక్టు మనిషి ఆ మాట కింద మాకు లెక్కలోకి రాడు. ఫిర్యాదు ఫారం మాత్రం అతని చేతిలోనూ పెట్టాను.

ఈ లోపల పోర్టల్ తన పని తాను చేసుకుపోయింది. ఒరిజినల్ స్లిప్పుల నంబర్లు కావాలని విచారణాధికారి అందులోనే ప్రశ్న పెట్టాడు. జవాబు ఇవ్వాలంటే కేసు నంబరు, పాస్‌వర్డ్ కావాలి. ఫిర్యాదు పంపిన మరుక్షణం అవి తెర మీద ఒక్కసారే కనిపిస్తాయి. అతను రాసుకున్నాడో లేదో తెలియదు, రాసుకున్నా లాభం లేదు. గేటు బయట ఉన్నవాడికి పోర్టల్ తెరుచుకోదు. యూరోపియన్ యూనియన్ 2019లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 7 రోజుల్లో తెలపాలి, ఏం చేశారో 3 నెలల్లోపు చెప్పాలి. ఆ గడువులన్నీ తమ సాఫ్ట్‌వేర్ పాటిస్తుందని అమ్మినవాళ్ల బ్రోషర్‌లో ఉంది. నిజమే, అందినట్టు జవాబు ఆ క్షణమే వెళ్లింది. దాన్ని చదివే దారే అతనికి లేదు. గడువు దాటగానే సాఫ్ట్‌వేర్ దానంతటదే కేసు మూసేసింది: ఫిర్యాదుదారు స్పందించలేదు, ఆధారాలు లేవు. ఆ త్రైమాసికం ఆడిట్ కమిటీకి నేను చూపిన స్లైడు మీద అందినవి 1, పరిష్కరించినవి 1, పెండింగ్ 0 అని ఉంది. అన్నీ ఆకుపచ్చ రంగులో. అంతకు ముందు త్రైమాసికాల్లో అందినవి సున్నా అని చూపినప్పుడు కూడా ప్లాంటు బాగుందనే చెప్పాను. భయపడి ఎవరూ రాయడం లేదేమో అన్న అనుమానం రావాల్సింది ఆడిటర్‌కే, ఆ గదిలో ఆడిటర్‌ని నేనే.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది సత్యేంద్ర దూబే సంగతి. క్యాంటీన్‌లో మాట్లాడిన రోజు ఆయన ఫోటోతోనే మొదలుపెట్టాను. జాతీయ రహదారుల సంస్థలో ఇంజనీరు. స్వర్ణ చతుర్భుజి పనుల్లో అవినీతి గురించి 2002లో ప్రధానికి ఉత్తరం రాశారు, తన పేరు రహస్యంగా ఉంచమని అడిగారు. ఆ ఉత్తరం పేరుతో సహా ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు చేతులు మారింది. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. దోపిడీ కోసం చేసిన హత్య అని సీబీఐ తేల్చింది. పేరు దాచలేకపోయిన ప్రభుత్వం 2004లో సమాచారం ఇచ్చేవాళ్ల రక్షణకు తీర్మానం తెచ్చి, బాధ్యత కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఇచ్చింది. ఆ తర్వాత 2014లో పార్లమెంటు చట్టమే చేసింది, అది అమల్లోకి రాలేదు. ఇదంతా చెప్పి, "అప్పుడు కాగితం కాబట్టి అలా జరిగింది, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉంది" అన్నాను. ఉత్తరాన్ని ఎవరెవరికి పంపాలో నిర్ణయించే పట్టిక నా చేత్తోనే నింపి ఉండి ఆ మాట అన్నాను.

చాలా నెలల తర్వాత ఆ అబ్బాయి నాకు ఫోన్ చేశాడు. కోపంగా లేడు. "పేరు తెల్వదని మీరే చెప్పిన్రు గద సార్" అన్నాడు. అది నిలదీయడం కాదు, నిజంగానే అడుగుతున్నాడు, ఎలా తెలిసిందో చెప్పమని. ఏం జరిగిందో నాకూ అప్పటికి పూర్తిగా తెలియదు.

ఆ సాయంత్రం ఆఫీసులోనే కూర్చుని నా మీద నేనే ఒక ఫిర్యాదు రాశాను. ఇంటర్నల్ ఆడిట్‌లో ఫలానా అధికారి వెండర్ దగ్గర డబ్బు తీసుకున్నాడని, నా పేరూ హోదాతో సహా. సబ్మిట్ నొక్కిన వెంటనే జేబులో ఫోన్ మోగింది. మీకు కొత్త ఫిర్యాదు అందింది, పరిశీలించండి. తెరిస్తే విచారణాధికారిని నియమించే బటన్, కేసు మూసేసే బటన్ నా ముందే ఉన్నాయి. కొనే ముందు ఈ ఒక్క పరీక్ష చేసి ఉంటే చాలు. నేను పరీక్షించిందంతా నా కుర్చీలోంచి, ఫిర్యాదులు చదివేవాడిగా. రాసేవాడి చోట ఒక్కసారి కూడా నిలబడలేదు.

జరిగిందంతా ఆడిట్ కమిటీ అధ్యక్షుడికి కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నేరుగా ఇచ్చాను. అసాధారణ సందర్భాల్లో ఆయన్ను నేరుగా కలిసే వీలు 177వ సెక్షన్లోనే ఉంది. మూసేసిన కేసును మళ్లీ తెరిచే ఏర్పాటు పోర్టల్‌లో లేదు కాబట్టి, ఆ అబ్బాయి ఒప్పుకున్నాక అదే ఫిర్యాదును నా పేరుతో కొత్తగా వేశాను. స్క్రాప్ టెండరు రద్దయింది. అడ్మిన్ హెడ్ మీద విచారణ నడుస్తోంది. ఫారంలో ఎర్ర నక్షత్రాలు పోయాయి, ఏం జరిగిందన్న ఒక్క గడి దగ్గర తప్ప. ఇప్పుడు ఫిర్యాదులు మొదట వెళ్లేది కమిటీ అధ్యక్షుడికే. పోర్టల్ సొంత ఫోన్లో ఎక్కడి నుంచైనా తెరుచుకుంటుంది, లాగిన్ లేదు, తెలుగు, హిందీ, ఒడియాల్లో మాట్లాడి చెప్పే ఫోన్ లైను కూడా పెట్టాం. అబ్బాయి వేరే కంపెనీలో చేరాడు. మళ్లీ రమ్మంటే రానన్నాడు. పని లేకుండా గడిపిన నెలల జీతం ఇప్పించడానికి ఏ పద్దు కింద రాయాలో అకౌంట్స్ వాళ్లు ఇంకా తేల్చలేదు, నేను వదల్లేదు.

వచ్చే బోర్డు సమావేశానికి కొత్త పాలసీ ముసాయిదా వెళ్తోంది. 'ఉద్యోగులు' అన్న చోట 'కాంట్రాక్టు కార్మికులు, ట్రైనీలు, సరఫరాదారుల మనుషులు' అని చేర్చాను. చట్టం అడగనిది ఎందుకని మా లాయర్లు ఆ పంక్తి చుట్టూ గీత గీసి తిప్పి పంపారు. తీసెయ్యకుండా మళ్లీ పంపాను.