టోఫెల్ హుష్, ఐబీ కాకి

మూడో తరగతి పిల్లకి టోఫెల్! నవ్వొచ్చిందా? ఉత్తర్వులిచ్చిన సార్లకి రాలేదు మరి. పై చదువులకి అమెరికా వెళ్లేవాళ్లు రాసే పరీక్ష అది. ఆ పరీక్ష పెట్టే కంపెనీతో 2023 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. చిన్న తరగతులకి ప్రైమరీ, పెద్ద తరగతులకి జూనియర్. నర్సీపట్నం సంతలో చింతపండు అమ్ముకునే తల్లి కూతురు అమెరికా యాస విని జవాబులు దిద్దాలి. ఏడాది తిరక్కుండానే ఇంకో ముచ్చట. 2024 జనవరి 31న జెనీవా కేంద్రంగా నడిచే ఇంటర్నేషనల్ బాకలారియేట్ (ఐబీ) సంస్థతో ఒప్పందం. జెనీవా చదువు మన వీధి బడికే వచ్చేస్తోందన్నారు. వచ్చిందా?

జూన్‌లో ప్రభుత్వం మారింది. టోఫెల్ హుష్. ఐబీ కాకి. కొత్తవాళ్లు దులుపుకున్నారు, పాతవాళ్లు గుండెలు బాదుకున్నారు. ఆ పిల్లని మాత్రం ఎవరూ అడగలేదు, "ఏటమ్మా, నీకేటైనా వచ్చిందా?" అని.

అంతకుముందు 2019లో సర్కారు బళ్లన్నిటికీ ఇంగ్లిషు మీడియమన్నారు. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవోలు కొట్టేసింది. ఇంగ్లిషే బతుకుతెరువని ఒకరు ఊదరగొట్టారు. తెలుగుతల్లికి అన్యాయమని ఇంకొకరు కళ్లొత్తుకున్నారు. ఇద్దర్నీ ఒకే మాట అడగండి: అయ్యా, తమరి మనవడు ఏ సర్కారు బళ్లో చదువుతున్నాడు? మాట మార్చేస్తారు, చూడండి.

మనవణ్ణి పంపదగ్గ సర్కారు బడి లేదా అంటే, ఉంది, కానీ అది పిల్లల్ని ఏరి తీసుకుంటుంది. ఉమ్మడి విశాఖ జిల్లాకంతటికీ కొమ్మాదిలో నవోదయ పెట్టారు. ఆరో తరగతిలో 80 సీట్లు. ఇటు పాయకరావుపేట, అటు ముంచంగిపుట్టు, మధ్యలో మన నర్సీపట్నం: అందరూ ఆ 80కే ఎగబడాలి. పరీక్ష జన్మకోసారే. పదేళ్లకే "నువ్వు పనికిరావు" అని తేల్చేస్తే, మిగిలిన బళ్లని బాగుచేసే తలనొప్పి తప్పుతుంది కదా!

ఇక ఢిల్లీ వారి దయ. 2020 జాతీయ విద్యా విధానం హైస్కూలు పిల్లలకి ఎనిమిది విదేశీ భాషలు చూపించింది: కొరియన్, జపనీస్, థాయ్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్, పోర్చుగీస్, రష్యన్. మెనూ భలే ఉంది. వండేదెవరు? 2014లో కేంద్రీయ విద్యాలయాల్లో ఏడాది మధ్యలో జర్మన్ పీకేసి సంస్కృతం పెట్టిందీ ఆ ఢిల్లీయే. పిల్లల నోరంటే బస్సు బోర్డా, రూటు మారినప్పుడల్లా తిప్పడానికి?

ఉమ్మడి రాష్ట్రంగా ఉన్నప్పుడు మన దగ్గరా ఎనిమిది భాషల జాబితా ఒకటుండేది. కువి, సవర, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒడియా. రెండు దశాబ్దాల కిందట ఈ భాషల్లో వాచకాలు అచ్చేసి గిరిజన బళ్లకి పంపారు. ఇవాళ కొరియన్ గురించి మైకుల్లో దంచేవాళ్లు ఈ పేర్లెప్పుడైనా ఎత్తారా? చింతపల్లి ఘాట్ రోడ్డెక్కే కువి పిల్లాడికి ఇంగ్లిషు కంటే ముందు తెలుగే పరాయి భాష. బళ్లో మొదటిరోజు వాడికి పంతులు మాట తెలీదు, పంతులికి వాడి మాట తెలీదు. ఇంతకంటే విదేశీ భాషల బడి ఎక్కడుంటుంది?

ఏటా ఆగస్టు 29న గిడుగు రామమూర్తి పంతులుకి దండలేస్తారు. ఆయన సవర నేర్చుకుని సవర పిల్లలకి పాఠాలు రాశారు. 1931లో ఆ భాషకి వ్యాకరణమూ అచ్చేశారు. ఆ సంగతి మైకుకి గుర్తుండదు.

సారూ, ఒక్క విన్నపం. ముందు కువి వచ్చిన పంతుల్ని చింతపల్లి పంపండి. జపనీస్ పంతులు తర్వాతి బస్సుకొస్తాడు లెండి.