ముప్పై అయిదుకే మోకాళ్లు అరగదీయండిలా!

మా తాతల కాలంలో మోకాళ్లు పట్టేయాలంటే అరవై దాటేవరకూ ఆగాల్సి వచ్చేది. ఇప్పుడంత ఓపిక ఎవరికుంది? తొందరున్న బెజవాడ కుర్రకారు కోసం, స్వానుభవంతో చెబుతున్న చిట్కాలివి.

1. ముందు బరువు పెంచండి. పొద్దున గాంధీనగర్‌లో వెన్నపూస వేసిన ఇడ్లీ, అర్ధరాత్రి బిర్యానీ. ఒంట్లో 1 కిలో పెరిగితే నడకలో అడుగడుక్కీ మోకాలి మీద దాదాపు 4 కిలోల భారం పెరుగుతుంది. ఇంత లాభం ఏ చీటీ పాటలోనూ రాదు. పొరపాటున బరువు తగ్గారో, అదే లెక్కన భారమూ తగ్గిపోతుంది, జాగ్రత్త! పొట్టకీ మోకాలికీ ముడేమిటనకండి. కొవ్వు ఊరికే కూర్చోదు, కీళ్లలో వాపు పెంచే రసాయనాలను వదులుతూనే ఉంటుంది.

2. ఏడాదంతా కుర్చీలో కూర్చుని, సంక్రాంతికి ఊరెళ్లగానే తిన్నగా కబడ్డీ బరిలోకి దూకండి. మోకాల్లో ‘టప్’మని వినబడిందా? లిగమెంటు తెగి ఉండొచ్చు, శుభం! పసరు కట్టు కట్టించుకుని, వాపు తగ్గగానే మళ్లీ కూతకెళ్లండి. ఈ గాయమైనవాళ్లలో సుమారు సగం మందికి 10, 20 ఏళ్లలో కీలు అరుగుతుంది. ఇరవైలో విత్తితే నలభైకల్లా పంట ఇంటికొస్తుంది.

3. జిమ్‌లో ఛాతీ, చేతులే పెంచండి. తొడలెవరు చూస్తారు, ప్యాంటు లోపలుండేవేగా! మోకాలి మీద పడే దెబ్బను ముందు కాచుకునేవి ఆ తొడ కండరాలే. అవి బలపడితే మన పని ఆలస్యమవుతుంది.

4. నడక మానేయండి. మోకాటి గుజ్జుకు రక్తనాళాలు లేవు. కాలు ఆడినప్పుడల్లా స్పాంజిలా నొక్కుకుని, వదులుకుని, కీలులోని ద్రవం నుంచే తిండి తెచ్చుకుంటుంది. కూర్చోబెట్టి పస్తుంచండి. దానికి నరాలూ లేవు కాబట్టి, చాలావరకు అరిగేదాకా కిక్కురుమనదు. పొద్దున్నే కృష్ణ ఒడ్డున పరుగెత్తేవాళ్లు కనిపిస్తే ‘గుజ్జు అయిపోతుంది నాయనా’ అని భయపెట్టండి. సరదాగా పరుగెత్తేవాళ్లకు అరుగుదల ఎక్కువేమీ ఉండదని పరిశోధనలు చెప్పినా సరే, మనం వినం.

5. బస్తాలెత్తే ముఠా కూలీలు, మోకాళ్ల మీద పాకుతూ టైల్స్ పరిచే కుర్రాళ్లు, కొండమీది ఇళ్లకు గ్యాసు బండలు మోసేవాళ్లు, వీళ్లకు నా చిట్కాలు అక్కర్లేదు. కూలితోపాటు మోకాలి నొప్పీ చేతికందుతోంది. మనం చేయాల్సిందల్లా, మోకాళ్ల కింద గోనెపట్టా మడతేసుకున్నవాణ్ణి ‘సుకుమారంరా నీకు’ అని వెక్కిరించడమే.

6. నొప్పి మొదలైందా? ఎందుకొచ్చిందో అడగొద్దు. స్టెరాయిడ్ సూది పొడిపించుకోండి. మళ్లీ వస్తే మళ్లీ పొడిపించుకోండి. పదే పదే వేయిస్తే గుజ్జు ఇంకాస్త పలచబడే అవకాశం ఉంది. వ్యాయామం నేర్పే ఫిజియోథెరపిస్టు వీధిలోకి మాత్రం వెళ్లకండి.

7. అన్నిటికంటే గొప్ప చిట్కా ఇది. దాన్ని రాసిన కాగితం మూడో అంతస్తులో మా గదిలో ఉండిపోయింది. పొద్దుట్నుంచీ లిఫ్టు పనిచేయడంలేదు. నాకింకా ముప్పై ఎనిమిదే. కింద గట్టు మీద కూర్చున్నాను. మా పక్కింటి పెద్దాయన గుడికెళ్లి రాగానే, కాస్త పైకెక్కి తెచ్చిపెట్టమని అడుగుతాను. ఆయనకు డెబ్బై రెండు.