ఓడితే ఏడ్చేవాడు లేని ఆట ఆటేనా?

అబ్బయ్యా, ఆ సెల్లు కాస్త పక్కనబెట్టి నా మాట ఇను. 2025 డిసెంబరు 13న ఉప్పల్ స్టేడియానికి మెస్సీ వచ్చాడని కలువాయి పిలకాయలంతా ఫోన్లలో తలలు దూర్చి కూర్చున్నారే, అదీ ఒక ఆటేనా? ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి తన్నినా చప్పట్లే, మెస్సీ తన్నినా చప్పట్లే. గోలు పడితే అవతల ఒకడన్నా ఏడవాలి గదా! ‘ఎవరు గెలిచార్రా?’ అని మనవణ్ణి అడిగితే ‘అది ముఖ్యం కాదు తాతా’ అన్నాడు. ముఖ్యం కానప్పుడు ఆ గోలు స్తంభాలు నాటడం ఎందుకు, శుభ్రంగా పందిరేసి కూర్చోబెడితే పోలా? అదే రోజు పొద్దున కలకత్తాలో జనం కుర్చీలు పెరికి ఇసిరారంట. ఆట బాగలేదని కాదు, మనిషి సరిగ్గా కనబళ్ళేదని!

మా రోజుల్లో మనిషిని చూడ్డానికి ఎవరు పోయారు, బంతినే కళ్ళారా చూసేవాళ్ళం. బడికంతా ఒకటే తోలు బంతి. లోపల రబ్బరు బ్లాడరు, పైన బూట్లకున్నట్టు లేసు. ఆ లేసు ముడి నుదుటికి తగిలిందంటే సాయంత్రానికి రేగిపండంత బొప్పి. బ్లాడరు పంచరైతే సైకిలు షాపులో అతుకేయించి, ఆరిందాకా చుట్టూ కాపలా. మా డ్రిల్లు అయ్యవారు ఆ బంతిని ఇంటికి తీసకపోయి ఆముదం పట్టించి, దాన్ని దూలానికి తగిలించి మరీ నిద్రపోయేవాడు.

తిరనాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళలోని మేటి ఆటగాళ్ళను ఏరి ఆత్మకూరు జట్టు మీదికి దించేవాళ్ళు. మీరు ఆల్ స్టార్ అంటారే, అదే. ఈ ఊరోడు ఆ ఊరోడికి బంతి ఇయ్యడు, దారిలో మాటలుండవు. కానీ ఆత్మకూరోళ్ళు ఒక గోలేస్తే చాలు, అందరూ ఒక్కటై పోయేవాళ్ళు. ఓడి ఇంటికొస్తే ఆడోళ్ళు నీళ్ళు కూడా ఇచ్చేవాళ్ళు కాదు. పరువురా, పరువు!

హైదరాబాదులో ఫుట్‌బాల్ అనంగానే ఇప్పుడు మెస్సీ పేరు చెప్తారు. సయ్యద్ అబ్దుల్ రహీం ఎవరో ఎందరికి తెలుసు? ఆయనా బడిపంతులే. ఆయన తీర్చిన హైదరాబాద్ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా ఏటా రోవర్స్ కప్పు ఇంటికి తెచ్చింది. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆయన నడిపిన మన దేశం జట్టు నాలుగో స్థానంలో నిలిచింది. 1962లో క్యాన్సరుతో బాధపడుతూనే జకార్తాలో జట్టును నడిపించి, కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెప్పించాడు. మరుసటేడు పోయాడు. ఇప్పుడు ఆయన్ని తలుచుకోవాలంటే అజయ్ దేవగన్ సినిమా కావాల్సొచ్చింది.

అమెరికావాళ్ళన్నా మేలనుకుంటే ఆడా అంతే. డల్లాస్‌లో ఉన్న పెద్ద మనవడు చెప్పాడు, మనుషుల్ని పడదోసే వాళ్ళ ఫుట్‌బాల్‌లో ప్రో బౌల్ అని మేటి ఆటగాళ్ళ పోటీ ఒకటుందంట, 1951 నుంచి. కోట్ల జీతాల కాళ్ళు ఇరుగుతాయని అందరూ గట్టిగా ఆడడం మానేశారు. 2023 నుంచి ఏకంగా పడదోయడమే తీసేసి, నడుముకు గుడ్డపేలిక కట్టుకుంటే దాన్ని లాగడమే ఆటన్నారు. ఏనుగంత మనుషులు పేలికలు లాక్కోవడమేందిరా! చెడుగుడులో ‘పట్టుకోవద్దు, దణ్ణం పెట్టి పంపండి’ అన్నట్టుంది.

నువ్వు నవ్వుతున్నావులే. మా తిరనాళ్ళ ఆటల్లో సగానికి సగం రెండో భాగం చూడలేదన్నదీ నిజమే. గొడవ ముదిరి కర్రలు లేచేవి. మా రెఫరీకి ఆఫ్‌సైడ్ అంటే ఏందో తెలీదు, ఆయన భోజనం ఎవరింట్లోనో వాళ్ళదే పెనాల్టీ. అయినా చలి రాత్రిలో కూడా జనం కదిలేవాళ్ళు కాదు. ఏమవుతుందో తెలీదు గదా!

నా తీర్పు ఇదే. ఓడితే ఎవరికీ నష్టం లేని ఆటను టిక్కెట్టు కొని చూడొద్దు. ఆ డబ్బుతో మన బడికి రెండు మంచి బంతులు కొనిపెట్టు. మెస్సీ మళ్ళీ వస్తే మాత్రం ఆ సెల్లు కాస్త నా వైపు తిప్పు, ఊరికే చూస్తా.