ద్వారపాలిక: కాలనీ ఫ్లెక్సీకి టీకా తాత్పర్యం

మూలము: ‘ఇరుగుపొరుగు ఒకటే కుటుంబం. పరస్పర సహకారమే మన కాలనీ ధ్యేయం. అనుమతి లేనిదే లోనికి ప్రవేశించరాదు.’

అవతారిక: నల్లగొండలో మేముండే కాలనీ గేటుకు పోయిన దసరాకు కట్టిన ఫ్లెక్సీ మీది వాక్యాలివి. కర్తృత్వం సంక్షేమ సంఘానిది. కార్యవర్గ సభ్యులు చేతులు జోడించిన ఫొటోలు ముప్పాతిక భాగం పోగా, మిగిలిన పాతికలో గ్రంథం సర్దుకుంది. గ్రంథం కన్నా గ్రంథకర్తలు పెద్దగా కనబడటం ఈ కాలపు కావ్యలక్షణం గనుక దోషంగా ఎంచలేదు. మెదక్ జిల్లా కొల్చారం వాడని మనం గొప్పగా చెప్పుకొనే మల్లినాథసూరి, ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ మాట ఇచ్చి కాళిదాసుకు వ్యాఖ్య చెప్పాడు. మొదటి మాట నేనూ ఇస్తాను. రెండోది ఇస్తే టీకాకారుడికి బతుకుదెరువు ఉండదు.

ప్రతిపదార్థము: సుగమము.

అన్వయము: ఇక్కడుంది చిక్కు. కుటుంబమైతే అనుమతి దేనికి? అనుమతి కావాలంటే కుటుంబమెట్లయితది? అని పూర్వపక్షి అడుగుతాడు. (మా కాలనీలో ఆ పూర్వపక్షి ఒక రిటైర్డ్ టీచరు. అడిగిన పూటే ఆయన్ను వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు.) వేదవాక్యాలకు అర్థం తేల్చే మీమాంసకులైతే తీసేయరు, సమాధానం చెప్తారు. గ్రంథ తాత్పర్యం తేల్చడానికి ఆరు గుర్తులున్నాయి: ఉపక్రమోపసంహారాలు, అభ్యాసం, అపూర్వత, ఫలం, అర్థవాదం, ఉపపత్తి. అభ్యాసమంటే మళ్లీ మళ్లీ చెప్పడం. ‘కుటుంబం’ కాలనీ మొత్తంలో ఒక్కచోటే ఉంది. ‘అనుమతి లేనిదే’ మాత్రం గేటు మీదా, పార్కు మీదా, ఫంక్షన్ హాలు మీదా, ఆఖరికి బోరు నల్లా మీదా ఉంది. ఇక అర్థవాదం, అంటే పొగడ్త. వాయుదేవుడు మహా చురుకైనవాడని వేదం అన్నదంటే అది వాయువు గురించి కబురు కాదు, ఆయన పేర యాగం చేయించడానికి చెప్పిన తీపి మాట అని వాళ్ల లెక్క. ఆ లెక్కన ‘ఒకటే కుటుంబం’ పొగడ్త, ‘ప్రవేశించరాదు’ నిషేధం. ఇక్కడ పొగడ్త నిషేధానికి తోక. మూడు వాక్యాలకూ ఏకవాక్యత కుదిరింది. ఫ్లెక్సీ తాత్పర్యం గేటే.

అపూర్వత: దీని దగ్గర కాసేపు కూచోవాలి. వేరే దారిన తెలియని సంగతినే శాస్త్రం చెప్పాలి. ఇరుగుపొరుగు ఆదుకోవాలన్నది ఫ్లెక్సీ చెప్పకముందే ఈ జిల్లాకు తెలుసు. 1951 ఏప్రిల్ 18న, శివరాంపల్లి సర్వోదయ సభ ముగించుకుని కాలినడకన బయల్దేరిన వినోబా అప్పటి నల్లగొండ జిల్లా పోచంపల్లి చేరాడు. నలభై దళిత కుటుంబాలు 80 ఎకరాలు అడిగాయి, సగం తరి, సగం ఖుష్కి. సర్కారు ఇచ్చేదాకా ఆగకుండా ఈ ఊరివాళ్లే ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన అక్కడ చేరిన జనాన్ని అడిగాడు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నాడు. అంతకు ముందు ఏండ్ల తరబడి ఇదే జిల్లాలో భూమి కోసం తుపాకులు పేలాయి గనుక ఆ దానంలో దయ పాలెంత, భయం పాలెంత అని వాదించేవాళ్లున్నారు. తర్వాత దేశమంతటా అందిన భూదానాల్లో రాళ్లూ రప్పలూ చాలానే తేలాయి, అదీ నిజమే. నా మనసు మాత్రం ఆ పైన వచ్చిన ఇరవై ఎకరాల మీద ఉంది. అడిగింది 80, అన్నది 100. అది కొసరు.

కొసరు మీద శాస్త్రం రావలసి ఉంది. కూరగాయలమ్మ తూకం అయినంక సంచిలో పడేసే గుప్పెడు పచ్చిమిరపకాయలు కొసరు. తోడుకని పోతే చెంచాడు పెరుగు చాలు, పక్కింటామె కటోరా నిండుగా ఇస్తుంది. ఆ కటోరా ఉత్తగా తిరిగిరాదు, రెండు సకినాలైనా వేసుకుని వస్తుంది. దీపం పెట్టినంక పెరుగు ఇంటి గడప దాటొద్దని పెద్దల నిషేధం. అందుకని కొన్ని ఇండ్లల్ల అందులో ఒక పచ్చిమిరపకాయ వేసి ఇస్తారు. అప్పుడది ఉత్త పెరుగు కాదు గద! నిషేధం చెక్కుచెదరలేదు, పొరుగింటి పాలు తోడుకున్నాయి. మీమాంస సూత్రాలు చెప్పిన జైమిని మహర్షి కూడా ఆ మిరపకాయకు దండం పెట్టవలసిందే.

పాలమూరుకు పోతే సంగతి ఇంకా లోతు. దేశంలో ఎన్ని ప్రాజెక్టుల మట్టి మోసిందో ఆ లేబరు! పండుగలు దాటినంక గుంపుమేస్త్రీ వెంట ముంబైకో పుణెకో బతకపోతే, ఇంటి తాళంచెవి పక్కింటామె కొంగుకు ముడిపడుతుంది. మేకలకు మేత, బడికి పోయే పిల్లకు అన్నం, మంచాన ఉన్న ముసలమ్మకు పొద్దున జొన్నరొట్టె, పింఛను వచ్చిన దినం ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకుపోవడం, అన్నీ ఆమెవే. దీనికి సంఘం లేదు, అధ్యక్షుడు లేడు, మెయింటెనెన్సు రసీదు అసలే లేదు.

ఎక్కడున్నాం? గేటు కాడ.

విచారము: గేటు కాడి మనిషి లోపలివాడా, బయటివాడా? మోటరు కాలినప్పుడు, అర్ధరాత్రి ఎవరికో గుండెనొప్పి వచ్చి ఆటో దొరకనప్పుడు లోపలివాడు. పండుగ బోనసు అడిగితే బయటివాడు. వేదాంతులు ఇట్లాంటి పదార్థాన్ని అనిర్వచనీయమన్నారు. మావాడిది నారాయణపేట దిక్కు. మొన్న శివరాత్రి దాటినంక వాళ్లమ్మ పల్లికాయ సంచి నెత్తిన పెట్టుకుని వచ్చింది. సార్లకు తలా ఇంత పెడదామని. కొడుకు బ్యాంకు పని మీద పోయిండు, బదులుకు కూచున్న పిల్లగాడు నియమం తప్పలేదు, అధ్యక్షులవారు ఫోను ఎత్తలేదు. నేను బజారు నుంచి వచ్చేసరికి ఆమె ఎండలో బయట కూచుని ఉంది. ఇది చమత్కారానికి రాయడం లేదు. అన్ని ఇండ్లలో ఒక్కరూ ఆ తల్లికి గ్లాసెడు నీళ్లియ్యలేదు. నల్లా మీద బోర్డుందిగా!

ఫలము: నీడ. పదకొండు గంటల ఎండలో ఫ్లెక్సీ పడేసిన జానెడు నీడలో ఆమె సంచి పెట్టుకుంది. ఆ గ్రంథం వల్ల లోకానికి కలిగిన మేలు ఇంకేదీ నాకు కనబడలేదు. సాయంత్రానికి పల్లికాయలు ఇంటింటికీ చేరాయి. అధ్యక్షులవారు ఉడకబెట్టించుకుని తిని, ఇంకొన్ని ఉన్నాయా అని కబురు పెట్టారు.

గద్య: ఇది నెలనెలా అయిదో తారీఖులోగా మెయింటెనెన్సు చెల్లించువాడును, వచ్చే దసరా ఫ్లెక్సీకి ఇంటికి రెండువందల చొప్పున అడిగిన చందా చెల్లింపనివాడును, ఆ రూకలతో గేటు బయట అనుమతి లేకయే చలివేంద్రపు కుండ పెట్టినవాడును, తత్కారణముగా గ్రూపులోంచి నేడో రేపో తొలగింపబడనున్నవాడును అగు మూల ఇంటివానిచేత రచింపబడిన ద్వారపాలికయను వ్యాఖ్య.