రేసు చూడబోతా ఉండారా?

కారు రేసు చూడబోయేవాళ్లకు ముందుగా కావాల్సింది ఓర్పు అంటారు తెలిసినవాళ్లు. తిరుపతి, చిత్తూరు జనానికి ఈ పాఠం అక్కర్లేదు. క్యూ కాంప్లెక్సులో ఒక కంపార్ట్‌మెంటు నుంచి ఇంకో కంపార్ట్‌మెంటుకు జరుగుతూ, రాత్రీ పగలూ కాచుకొని, చివరికి ‘జరగండి, జరగండి’ అనే కేకల మధ్య రెప్పపాటు దర్శనంతో పరవశించి బయటపడే జాతి మనది. రేసులో జరిగేదీ అదే. మూడు గంటలు ఎండలో కూచుంటారు. సర్రుమని ఏదో పోతుంది. ఏంది పోయిందని పక్కాయన్ని అడిగేలోగా ఇంకోటి పోతుంది. తేడా అల్లా, బయటికొచ్చేటప్పుడు ఇక్కడ లడ్డూ ఇవ్వరు, టోపీ అమ్ముతారు.

టికెట్ల మెట్లు కూడా మనకు కొత్త కాదు. ఉచితంగా సర్వదర్శనం, 300 పెడితే ప్రత్యేక ప్రవేశం, శ్రీవాణి ట్రస్టుకు పది వేలు ఇచ్చి పైన 500 కడితే ఇంకాస్త దగ్గర, సిఫారసు ఉత్తరం ఉంటే బ్రేక్. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు పెట్టినప్పుడు వెయ్యి రూపాయల గ్యాలరీ నుంచి లక్ష దాటిన లాంజ్ దాకా ఇదే నిచ్చెన. హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎన్టీఆర్ మార్గ్‌లో 2.8 కిలోమీటర్ల ట్రాక్, 18 మలుపులు, 22 కార్లు, ముప్పై పైచిలుకు ల్యాపులు. మీ కుర్చీ ముందు నుంచి ఒక కారు పోవడానికి మూడు సెకన్లు పడుతుందనుకుందాం. మీ అభిమాన డ్రైవరు దర్శనం మొత్తం కలిపితే రెండు నిమిషాలు దాటదు. మిగతా రోజంతా మీరు చూసేది బారికేడ్‌ను, ఎదుటి గ్యాలరీని, తెర మీద సచిన్ టెండూల్కర్‌ను, రామ్‌చరణ్‌ను. ఆ రోజు గెలిచింది జాన్-ఎరిక్ వెర్న్ అనే ఫ్రెంచి డ్రైవరు. ఇంటికి తిరిగొచ్చినవాళ్లను ఎవరు గెలిచారని అడిగి చూడండి. రామ్‌చరణ్ వేసుకున్న చొక్కా రంగు చెబుతారు.

అందుకే నా మొదటి సలహా టోపీ గురించీ కాదు, నీళ్ల సీసా గురించీ కాదు. టికెట్ బుక్ చేసే ముందు ఎన్నికల క్యాలెండర్ చూసుకోండి.

ఎగతాళి అనుకుంటున్నారా? లెక్క చూడండి. 2003లో మన నారావారిపల్లె మనిషే, అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు, హైదరాబాద్ శివారు గోపన్‌పల్లి దగ్గర ఫార్ములా వన్ ట్రాక్ వస్తుందన్నారు, 2007 నాటికి రేసే అన్నారు. 2004లో ప్రభుత్వం పోయింది, దాని వెంట ట్రాకూ పోయింది. 2011 అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో మొట్టమొదటి ఇండియన్ గ్రాండ్ ప్రి గెలిచిన సెబాస్టియన్ వెటెల్‌కు మాయావతి స్వహస్తాలతో కప్పు అందించారు. 2012 మార్చిలో ఆవిడ కుర్చీ ఖాళీ చేశారు. 2018 నవంబరులో మళ్లీ చంద్రబాబే కృష్ణా నదిలో ఫార్ములా వన్ పడవల పోటీ పెట్టి, ఒక జట్టుకు అమరావతి అని పేరు కూడా తగిలించారు. 2019 మేలో ఫలితాలు మీకు తెలిసినవే. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ రేసు, డిసెంబరులో కేసీఆర్ ప్రభుత్వం ఇంటికి. కొత్త ప్రభుత్వం వచ్చాక 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో రేసు రద్దయింది. ఆ ఏడాది డిసెంబరులో, అనుమతుల్లేకుండా దాదాపు 55 కోట్లు విదేశీ సంస్థకు చెల్లించారంటూ ఏసీబీ కేసు పెట్టింది. తప్పేమీ చేయలేదని ఆ కేసులో పేరున్న మాజీ మంత్రి కేటీఆర్ అంటారు. రేసేమో ముప్పావు గంటలో ముగిసింది. కేసుకు గళ్ల జెండా ఎప్పుడు ఊపాలో కోర్టులు చూసుకుంటాయి.

ఇందులో వెంకన్న మహిమా లేదు, గ్రహచారమూ లేదు. జనం కోసం పెట్టిన రేసులైతే జనానికి గుర్తుండేవి. ఇవి ఫొటో కోసం పెట్టినవి. అంతర్జాతీయ చిత్రపటంలో మన నగరం కనబడాలి, దానికి వెనక నిండుగా కనబడేందుకు కొన్ని వేల తలకాయలు కావాలి. ఆ తలకాయల్లో మీదీ ఒకటి. సినిమా షూటింగులో వెనక నిలబడినవాళ్లకు కూలీ ఇస్తారు. ఇక్కడ మీరే ఎదురు కడతారు.

ప్రేక్షకుణ్ని లెక్కలో వేసుకోకపోతే ఏం జరుగుతుందో ఈ రేసులే చూపించాయి. 2011లో నోయిడాలో మొదటి ప్రాక్టీసు నడుస్తుండగా ఒక వీధికుక్క ట్రాక్ మీదికొచ్చింది. ఎర్రజెండా చూపించి కార్లన్నీ ఆపేశారు. ఆ మూడు రోజుల్లో పాసు లేకుండా, పైసా కట్టకుండా, అందరికంటే దగ్గరగా రేసు చూసిన ప్రేక్షకుడు అదే. హైదరాబాద్ వాళ్లు ఇంకో అడుగు ముందుకేశారు. 2023లో ప్రాక్టీసు రోజున నగరవాసుల కార్లు, బైకులు ఏకంగా ట్రాక్ మీదికి వచ్చేశాయి. పాపం, వాళ్ల తప్పేముంది? రోజూ ఆఫీసుకు పోయే రోడ్డది. చెన్నైలో 2024 ఆగస్టు 31న ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ రాత్రి రేసు అన్నారు. వానకు తడిసిన ట్రాక్‌కు అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ ఎఫ్ఐఏ సర్టిఫికెట్ రావడం ఆలస్యమైంది. టికెట్ కొన్నవాళ్లు అందాకా చూసిందల్లా లైట్లు. నోయిడాలో మూడేళ్లు నడిచి 2013తో ఆగిపోయిన ఫార్ములా వన్ మీద ఇంకో పంచాయతీ కూడా నడిచింది. అది క్రీడా, వినోదమా అని. వినోదమే, పన్ను కట్టండి అంది యూపీ సర్కారు. గ్యాలరీలో కూచున్నవాణ్ని అడిగుంటే రెండూ కాదు, శిక్ష అనేవాడు.

మన కొండకూ ఈ కార్లకూ చుట్టరికం లేకపోలేదు. ఫోర్స్ ఇండియా జట్టు యజమాని విజయ్ మాల్యా 2012 డిసెంబరులో పుట్టినరోజు నాడు శ్రీవారికి మూడు కిలోల బంగారం సమర్పించుకున్నాడు. అప్పటికి ఆయన కింగ్‌ఫిషర్ విమానాలు నేల మీదున్నాయి, ఉద్యోగులకు నెలల తరబడి జీతాల్లేవు. ఆయన రేసు కార్లు మాత్రం దేశదేశాలూ తిరుగుతూనే ఉన్నాయి. ఆ జట్టు ఒక్క గ్రాండ్ ప్రి కూడా గెలవలేదు. అయినా 2016 మార్చిలో దేశం విడిచి పోతూ యజమాని అందుకున్న స్టార్ట్‌ను మాత్రం ఇంతవరకు ఏ బ్యాంకూ అందుకోలేదు.

సరే, తిట్టుకున్నది చాలు. నిజంగా రేసు చూడాలంటే ఎట్ల?

మన గడపలోనే ఉంది. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై, హ్యుందాయ్ ఫ్యాక్టరీ ఉన్న ఊరు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1990లో కట్టుకున్న ట్రాక్. 3.7 కిలోమీటర్లు, 12 మలుపులు. తిరుపతి నుంచైతే పుత్తూరు, నగరి, తిరుత్తణి, తిరువళ్లూరు మీదుగా, చిత్తూరు నుంచైతే రాణిపేట, వాలాజా దాటి బెంగళూరు హైవే పట్టుకుని, ఎటు పోయినా మూడు గంటల్లోపే. అంతకుముందు ఇదే క్లబ్బు షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీద రేసులు నడిపేది. ఏ ముఖ్యమంత్రీ తెచ్చిన రేసు కాదు కాబట్టి ఏ ఎన్నికకూ పోలేదు. ఇన్నేళ్లుగా అక్కడ కార్లు తిరుగుతూనే ఉన్నాయి. మనవాళ్లు ఆ పక్క నుంచే చెన్నై చీరల షాపులకు పోయి వస్తా ఉండారు.

అక్కడికి పోయేవాళ్లకు కొన్ని మాటలు. నేరుగా ఉండే దారి దగ్గర కూచోవద్దు. వేగం అక్కడే ఎక్కువ కాబట్టి కనబడేది అక్కడే తక్కువ. పొడుగు దారి ముగిసి, గట్టిగా బ్రేకు తొక్కి మెల్లగా తిరగాల్సిన మలుపు ఎక్కడుందో వెతకండి. ఒకణ్నొకడు దాటేది అక్కడ, తడబడేది అక్కడ, డ్రైవరు చేతులు ఏం చేస్తున్నాయో కంటికి ఆనేదీ అక్కడే. ఆదివారం ఒక్కరోజే పోయి వచ్చేయాలనుకోకండి. శుక్ర, శనివారాల్లో ప్రాక్టీసు, అర్హత పోటీలు ఉంటాయి, జనం పలచగా ఉంటారు, రెండు మూడు చోట్ల మారి మారి చూడొచ్చు. ఏ కారు ఎన్నోదో ఫోన్లో వచ్చే టైమింగు చూస్తే గానీ తెలీదు. ఐదో ల్యాపు నుంచి అన్నీ కలిసిపోయి గుండ్రంగా తిరుగుతుంటాయి. ముందున్నాడని మీరు చప్పట్లు కొట్టినవాడు ఆఖరివాడు కావచ్చు. అదే ఫోన్లో వీడియో తీయాలని మాత్రం చూడకండి. ఇంటికొచ్చి చూస్తే ఖాళీ రోడ్డు, ఓ మూల టైరు ముక్క.

చెవుల్లో దూది చాలదు, మందుల షాపులో దొరికే ఫోమ్ బిరడాలు కొనుక్కోండి. పిల్లల్ని తీసుకుపోతే వాళ్ల చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్ లాంటివి తప్పనిసరి. గొడుగు తెరిస్తే వెనకాయన తిడతాడు, టోపీ పెట్టుకోండి. అక్టోబరు సగం దాటితే ఆ పక్క ఈశాన్య రుతుపవనాల వానలు, రెయిన్‌కోటు ఉండాల్సిందే. బయటి తిండి రానిస్తారో లేదో ముందే కనుక్కోండి. రానిస్తే చిత్రాన్నం, ఉడకబెట్టిన చెనక్కాయలు, మజ్జిగ. రానివ్వకపోతే గేటు బయటే తినేసి లోపలికి పోండి. ఆడవాళ్లతో పోయేవాళ్లు మరుగుదొడ్లు ఎక్కడున్నాయో రేసు మొదలుకాకముందే చూసిపెట్టుకోవాలి. దేశంలో రేసు నిర్వాహకుల ఊహ అంతా షాంపేన్ సీసా దాకా పోయి అక్కడే ఆగిపోయింది.

కంచె దాటొద్దు. ఇది మనకు చెప్పడం కష్టమే. కనుమ పండక్కి చంద్రగిరి దగ్గర రంగంపేట పశువుల పండగ చూసినవాళ్లకు, ఎద్దు కొమ్ములకు కట్టిన పలక లాగేవాడెవడో, చూడొచ్చినవాడెవడో తేడా ఉండదని తెలుసు. కానీ కారుకు కొమ్ములు లేకపోయినా కనికరమూ లేదు. 1955 జూన్‌లో ఫ్రాన్స్‌లోని లె మాన్ రేసులో ఒక మెర్సిడెస్ గాల్లోకి లేచి దాని ముక్కలు జనంలో పడితే ఎనభై మందికి పైగా ప్రేక్షకులు చనిపోయారు. ఇవాళ మీకు అడ్డంగా కనబడే కంచె, ఇసుక దిబ్బ, టైర్ల గోడ ఒక్కొక్కటీ అలాంటి చావుల నుంచి వచ్చినవే.

జెండాలు నేర్చుకుంటే రేసు సగం అర్థమైనట్టే. పసుపు అంటే ముందు ప్రమాదం ఉంది, నిదానించు, ఎవరినీ దాటకు. ఎరుపు అంటే అంతా ఆపేయండి. నీలం అంటే వెనక నుంచి నీకంటే వేగంగా ఒకడు వస్తున్నాడు, పక్కకు జరుగు. నీలం జెండా మనకు బొత్తిగా మింగుడు పడదు. దారివ్వాలంటే ముందు అద్దం చూడాలి. మనం సైడు అద్దాలు గీత పడకుండా మడిచిపెట్టుకునే మర్యాదస్తులం. 2023 జనవరిలో ఇరుంగాట్టుకోట్టైలో సీనియర్ డ్రైవరు కె.ఇ. కుమార్ ప్రమాదంలో చనిపోతే ఆ రోజు మిగతా రేసులన్నీ ఆపేశారు. మన దారుల మీద ఏ జెండాకూ ఎవరూ ఆగరు. 2022 మార్చిలో భాకరాపేట ఘాట్‌లో నిశ్చితార్థం బస్సు లోయలో పడింది. 2024 సెప్టెంబరులో మొగిలి ఘాట్‌లో ఆర్టీసీ బస్సు, లారీలు గుద్దుకున్నాయి. మర్నాడు పొద్దున్నుంచే ఆ మలుపుల్లో ఓవర్‌టేకులు మళ్లీ మామూలే.

కాబట్టి రేసు వారాంతంలో అసలు ప్రమాదం ట్రాక్ మీద లేదు, ఆదివారం సాయంత్రం పార్కింగ్‌లో ఉంది. పొద్దంతా ఇంజన్ల మోత విన్న ప్రతి కుర్రాడి కుడికాలూ బరువెక్కి ఉంటుంది. నాన్న కొనిచ్చిన స్విఫ్ట్‌లో వాడికి తనే వెటెల్. హెల్మెట్టూ లేదు, సీటు బెల్టు వీపు వెనక. ‘రేయ్, నిదానంగా పోరా’ అంటే ‘నాకు తెలుసులే మామా’ అంటాడు. మీరు మాత్రం ఓ గంట ఆగండి. టీ తాగండి. వాళ్లంతా పోయాక బయల్దేరండి.

ఎట్లాగూ దారిలోనే కదా, రాత్రికి కొండెక్కి మొక్కు తీర్చుకుందామనుకునే వీరులూ ఉంటారు. వాళ్ల కోసం ఘాట్ రోడ్డు మీద దేవస్థానం వాళ్ల నిబంధన ఒకటుంది. ఎక్కేటప్పుడు 28 నిమిషాల కంటే ముందు పైకి చేరకూడదు, దిగేటప్పుడు 40 నిమిషాల కంటే ముందు కిందికి రాకూడదు. ముందుగా వస్తే జరిమానా. మన వెటెళ్లు మలుపు మలుపుకూ హారన్ కొట్టి, దాటి, కోసుకుంటూ పోయి, పైన టోల్‌గేటు ఇంకాస్త దూరం ఉందనగా రోడ్డు పక్కన వరసగా కార్లాపుకొని ఫోన్లో టైము చూసుకుంటుంటారు. ఇంకా తొమ్మిది నిమిషాలుంది, ఎనిమిదుంది అని లెక్కపెట్టుకుంటూ. వాళ్లు కింద దాటేసొచ్చిన ఆర్టీసీ బస్సు ముక్కుతూ మూలుగుతూ వచ్చి, హారన్ కూడా కొట్టకుండా ఆ వరసంతా దాటుకొని ముందు టోల్‌గేటు చేరుతుంది.