సెట్టింగుల మనిషి

తెలుగు ప్రోగ్రామర్ ప్రధానంగా హైదరాబాదు పడమటి అంచున, మాదాపూర్ మొదలుకొని గచ్చిబౌలి, నల్లగండ్ల, తెల్లాపూర్ దాకా వ్యాపించి ఉంటాడు. 1998లో సైబర్ టవర్స్ తెరిచేనాటికి ఆ చుట్టుపక్కల బండలూ తుప్పలే ఎక్కువ. ఇప్పుడు బండలు పోయి ఇతను మిగిలాడు. పుట్టిన ఊరు మాత్రం సాధారణంగా ఇది కాదు. భీమవరమో, నంద్యాలో, ఖమ్మమో, కరీంనగరో అయి ఉంటుంది. మధ్యలో కొన్నాళ్ళు అమీర్‌పేట హాస్టల్లో నీళ్ళ సాంబారు తింటూ జావా నేర్చుకుని ఉంటాడు. బెంగళూరులోనూ, డాలస్‌లోనూ, న్యూజెర్సీలోనూ ఇతని అన్నదమ్ములు విరివిగా కనిపిస్తారు. ఇతని జీతం, పెళ్ళిచూపులు, ఫ్లాటు, ఈఎంఐల గురించి సినిమాలు చాలినంత చెప్పేశాయి. ఆఫీసు పని లేనప్పుడు ఏం చేస్తాడన్నది ఎవరూ సరిగ్గా చెప్పలేదు. సెట్టింగులు మారుస్తాడు.

వస్తువు కొనడం దగ్గరే ఇది మొదలవుతుంది. ఇంట్లో మిక్సీ కాలిపోతే మామూలు మనిషి వీధి చివరి కొట్టుకు వెళ్ళి, రెండు చూసి, ఒకటి తెచ్చుకుంటాడు. ప్రోగ్రామర్ ముందు ఎక్సెల్ షీటు తెరుస్తాడు. అడ్డవరసల్లో మోడళ్ళు, నిలువు గళ్ళలో వాట్లు, జార్లు, వారంటీ, శబ్దం. అయిదు నక్షత్రాల రివ్యూలు కంపెనీవాళ్ళే రాయించారని నమ్ముతాడు, ఒక నక్షత్రంవి పోటీ కంపెనీ రాయించిందని నమ్ముతాడు, కాబట్టి మూడు నక్షత్రాలవి మాత్రమే చదువుతాడు. ఈలోగా ఇంటావిడ చట్నీకి పక్క ఫ్లాటు మిక్సీ వాడుకుంటూ ఉంటుంది. షీటు పూర్తయి నిర్ణయం తేలేసరికి ఆ మోడల్ రావడం ఆగిపోతుంది. దాంతో కొత్త షీటు తెరుస్తాడు. ఇందులో అతనికి విసుగు ఉంటుందనుకోవడం పొరపాటు. మిక్సీ వస్తే ఇంత సంతోషం ఉండదు.

కీబోర్డు విషయంలో ఇంత తర్కం కూడా ఉండదు. కంపెనీ ఉచితంగా ఇచ్చిన కీబోర్డు శుభ్రంగా పనిచేస్తూ ఉండగా, తన డబ్బు పెట్టి మెకానికల్ కీబోర్డు తెప్పిస్తాడు. జర్మనీకి చెందిన చెర్రీ కంపెనీ 1980లలో తెచ్చిన స్విచ్చులతో ఈ మతం మొదలైంది. ఇందులో శాఖలున్నాయి: నీలి స్విచ్చి నొక్కితే టక్కుమంటుంది, ఎర్రది టక్కుమనకుండా నున్నగా దిగుతుంది, గోధుమరంగుది నొక్కినట్టు వేలికి తెలుస్తుంది కానీ పక్కవాడికి అంతగా వినిపించదు. మొదటిసారి కొనేవాడు నీలిదే కొంటాడు. ఇంట్లోంచి పనిచేసే రోజు రాత్రి ఆ చప్పుడుకు పసిబిడ్డ లేస్తే రెండోసారి గోధుమరంగుది కొంటాడు. ఆ తరవాత మీటల మూతలు మారుస్తాడు. వాటి మీద జపాను అక్షరాలున్నవంటే మరీ మోజు. ఇన్ని చేసినా ఆ కీబోర్డు మీద తెలుగు మాత్రం కొట్టడు. తెలుగు అమరిక కంప్యూటర్లోనే ఉంటుంది, ఏ కీబోర్డుతోనైనా వస్తుంది. అయినా అమ్మకు పంపే వాట్సాప్ సందేశం ఇంగ్లీషు అక్షరాల్లోనే వెళ్తుంది.

ప్రతి ప్రోగ్రామర్ ఇంట్లోనూ అటక మీద ఒక అట్టపెట్టె ఉంటుంది. పాత మానిటర్ వచ్చిన పెట్టె. అందులో కేబుళ్ళు ఉంటాయి. వీజీఏ కేబుళ్ళు, మినీ యూఎస్‌బీ, మైక్రో యూఎస్‌బీ, 30 పిన్నుల ఐఫోన్ కేబులు, దాని తరవాత వచ్చిన లైట్‌నింగ్ కేబులు, ఎప్పుడో చచ్చిపోయిన మోడెమ్ అడాప్టరు, దేనికి చెందిందో తెలియని రిమోటు. ఐఫోన్ 2023లో యూఎస్‌బీ-సీకి మారింది. 2024 చివరి నుంచి యూరప్‌లో కొత్తగా అమ్మే ఫోన్లన్నిటికీ అదే ఉండాలని చట్టం వచ్చింది. అంటే ఆ పెట్టెలో సగానికి పైగా లోకానికి అక్కర్లేనివే. ఈ మాట ఇంటావిడ అంటే, “ఎప్పుడైనా పనికొస్తుంది, ఉండనీ” అంటాడు. నిజంగానే ఏనాడో ఒకసారి పక్క ఫ్లాటాయనకు ప్రొజెక్టర్ కోసం వీజీఏ కేబులు కావలసి వస్తుంది. ఆ ఒక్కరోజు గెలుపుతో ఆ పెట్టె మరో పదేళ్ళు బతుకుతుంది.

అటక మీదకు ఇంకా చేరనివి సొరుగులో ఉంటాయి. వాటిలో ముఖ్యమైనది రాస్ప్‌బెర్రీ పై. బ్యాంకు కార్డంత బోర్డు మీద పూర్తి కంప్యూటర్. 2012లో 35 డాలర్లకు వచ్చింది. స్కూలు పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పడానికని ఇంగ్లండులో తయారుచేశారు. పిల్లల సంగతేమో గానీ, పిల్లల తండ్రులు ఎగబడ్డారు. మన ప్రోగ్రామర్ దాని మీద ప్రకటనలను అడ్డుకునే పై-హోల్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టి, ఇంట్లో ఎవరు ఏ సైటు తెరిచినా దాని చిరునామా ముందు ఆ బోర్డునే అడిగేలా చేస్తాడు. బాగానే పనిచేస్తుంది, కాస్త ఎక్కువ బాగా. గూగుల్లో చీరలు వెతికితే అన్నిటికంటే పైన వచ్చేవి ప్రకటనలే కాబట్టి వాటిని నొక్కితే పేజీ తెరుచుకోదు. “ఏమండీ, మళ్ళీ నెట్టు పాడుచేశారా?” అన్న ప్రశ్న వంటింట్లోంచి వస్తుంది. పాడవలేదని, నిజానికి బాగుపడిందని వివరించబోయి ఓడిపోతాడు.

స్మార్ట్ బల్బుదీ ఇదే కథ. మాటతో వెలగాలంటే గోడ స్విచ్చి ఎప్పుడూ వేసే ఉంచాలి. ఊరి నుంచి వచ్చిన అత్తగారు ఖాళీ గదిలో స్విచ్చి వేసి ఉండటం చూసి ఓర్వలేదు, కట్టేస్తుంది. రాత్రి అల్లుడు చీకట్లో నిలబడి అలెక్సాను బతిమాలుతుంటాడు. “స్విచ్చి ఇక్కడే ఉంది కదా బాబూ, వేస్తే పోలా?” అంటుందావిడ. ఇంజనీరింగ్ దృష్టితో చూస్తే ఆవిడ చెప్పిందే సరైన పరిష్కారం. స్విచ్చి మీద “ముట్టుకోవద్దు” అని చీటీ అంటిస్తాడు.

ఇక సరదాలు. సైకిలు, గిటారు, కాఫీ త్వరగా చెప్పుకుని పోవచ్చు. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల పొడవున సోలార్ పలకల కప్పుతో సైకిల్ బాట 2023లో తెరిచారు. మనవాడి సైకిలు అక్కడిదాకా కారు మీద కట్టుకుని వెళ్తుంది. ఆ రోజు గుండె ఎంత వేగంతో కొట్టుకుందో వాచీ చెబుతుంది, ఆకలేసిన సంగతి మాత్రం అతనే కనిపెట్టుకోవాలి. గిటారు గోడకు వేలాడుతుంది. కాఫీకి అరకు గింజలు గ్రాముల్లో తూచి, మర పట్టి, నీళ్ళ వేడి థర్మామీటరుతో చూసి, ఒక కప్పు తయారుచేస్తాడు. అప్పటికి అమ్మ ఫిల్టర్లో దింపిన డికాక్షన్‌తో ఇంటిల్లిపాదీ తాగేసి గ్లాసులు కడిగేసి ఉంటారు.

కాస్త ఆగి చూడవలసింది బాల్కనీలోని తులసికుండీ. దానికి తనంతట తానే నీళ్ళు పెట్టే ఏర్పాటు చేయడం ఈ జాతిలో ఇంచుమించు ఉపనయనం. కావలసినవి ఒక చిన్న ఈఎస్‌పీ32 బోర్డు, మట్టి తడిని కొలిచే సెన్సర్, అక్వేరియంలో వాడేటంత పంపు, ఒక రిలే. చవకరకం సెన్సరుకు రెండు లోహపు కాళ్ళుంటాయి. తడిమట్టిలో వాటి గుండా కరెంటు పారుతుంటే ఎలెక్ట్రాలిసిస్ జరిగి పైపూత కరిగిపోతుంది, వారాల్లోనే కాళ్ళు తుప్పు పట్టి తప్పులెక్కలు చెబుతాయి. అది చూసి మట్టికి లోహం తగలని కెపాసిటివ్ రకం తెప్పిస్తాడు. దానికి కోడు రాస్తాడు. ఆ కోడును నాలుగు భాగాలుగా విడగొట్టి మళ్ళీ రాస్తాడు. కుండీలోని తడి నిమిషనిమిషానికి గ్రాఫుగా కనబడేలా టీవీ తెరంత డాష్‌బోర్డు తయారుచేస్తాడు. ఇంత జరిగాక తెలిసేదేమిటంటే, పంపు ఒక్కసారీ తిరగలేదు. రోజూ ఉదయం ఆరింటికి గ్రాఫు నిలువుగా లేస్తోంది. అది అమ్మ, చెంబుతో. ఇకనుంచి నువ్వు పోయక్కర్లేదు, మిషను చూసుకుంటుందని చెబితే ఆవిడ అడిగే ప్రశ్న ఒక్కటే: “స్నానం చేసిందా ఆ మిషను?” దీనికి జవాబు ఏ మాన్యువల్లోనూ లేదు. పంపు తీసి సొరుగులో పెడతాడు. గ్రాఫు మాత్రం ఉంచుతాడు; ఏదైనా ఉదయం అది లేవకపోతే ఆఫీసు నుంచే ఫోన్ చేసి, “ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?” అని అడుగుతాడు. ఇతను చేసిన యంత్రాలన్నిటిలోనూ పనికొచ్చింది ఇదొక్కటే. దాన్ని ఇందుకని చేయలేదు.

కెమెరా పట్టినవాళ్ళు తెల్లవారేసరికి అమీన్‌పూర్ చెరువు గట్టున ఉంటారు. 2016లో దీనికి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు వచ్చింది, చలికాలంలో వలస పక్షులు దిగుతాయి. మనవాడు తీసిన ఫొటోలో దూరంగా ఒక నీటికాకి, కొంచెం కదిలినట్టుగా ఉంటుంది. ఫొటో తీయడం అరగంటే. దాన్ని భద్రపరచడం నెలరోజుల పని. మూడు కాపీలుండాలి, రెండు వేరు వేరు సాధనాల మీద ఉండాలి, ఒకటి ఇంటి బయట ఉండాలి అనేది బ్యాకప్ నియమం. దాని ప్రకారం ఇంట్లో నాలుగు డిస్కుల పెట్టె, క్లౌడులో చందా, అవన్నీ సరిగా నడుస్తున్నాయని రాత్రిళ్ళు చూసుకునే ఒక స్క్రిప్టు ఏర్పడతాయి. ఆ నీటికాకికి ఉన్నంత భద్రత ఇంట్లో ఆస్తి కాగితాలకు లేదు.

ఈ లక్షణాలు మనవాళ్ళవే అనుకుంటే అన్యాయం. వంశవృక్షంలో పెద్దలున్నారు. స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డోనాల్డ్ క్నూత్ తన పుస్తకం రెండో సంపుటం కొత్త ముద్రణ ప్రూఫులు 1977లో చూసి, అక్షరాలు అందంగా లేవని బాధపడి, పుస్తకం పక్కనబెట్టి అక్షరాలు కూర్చే ప్రోగ్రాము రాయడానికి కూర్చున్నాడు. ఏడాదిలోపు అయిపోతుందనుకున్నది ఇంచుమించు పదేళ్ళు పట్టింది. టెక్ అన్న ఆ సాఫ్ట్‌వేరుతో ఈనాటికీ ప్రపంచమంతా గణిత పత్రాలు అచ్చవుతున్నాయి. 1968లో మొదటి సంపుటం వచ్చిన ఆయన పుస్తకం ఇంకా పూర్తికాలేదు. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్‌కు సముద్రంలో డైవింగ్ చేయడం సరదా. కంప్యూటరుకు దూరంగా నీటి అడుగుకు వెళ్ళి వచ్చిన మనిషి 2011లో ఏం చేశాడు? డైవింగ్ లెక్కలు రాసుకోవడానికి ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టాడు. వీళ్ళ మేధ మనవాడికి లేకపోవచ్చు గానీ, జబ్బు మాత్రం అచ్చంగా అదే.

సెలవుల దగ్గరకు వస్తే, ఇతని పంచాంగం అమెరికాలో తయారవుతుంది. దసరా నాడు క్లయింటుకు మామూలు పనిదినం. దీపావళి రాత్రి చిచ్చుబుడ్డి వెలిగించి చెవిలో ఇయర్‌ఫోన్ సర్దుకుంటాడు. అదే నవంబరు నాలుగో గురువారం థ్యాంక్స్‌గివింగ్ వచ్చిందంటే ఆఫీసంతా నిశ్శబ్దం. అక్కడి నుంచి క్రిస్మస్ దాటేదాకా చాలా ప్రాజెక్టుల్లో కొత్త కోడు పెట్టకూడదని కట్టుబాటు. ఎలాగూ శుక్రవారం నాడు ఎవరూ పెట్టరు. బామ్మ మంగళవారం ఏ పనీ మొదలుపెట్టనిచ్చేది కాదని నవ్వుకున్న మనవడు ఈ శుక్రవారం నియమాన్ని ఆమె కంటే నిష్ఠగా పాటిస్తాడు.

డిసెంబరు చివరి వారమే ఇతని అసలు పండగ. మెయిళ్ళు రావు, మీటింగులు లేవు, గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద కూడా కార్లు కదులుతాయి. ఈ ప్రశాంతతలో పుస్తకం చదువుకుందామని కూర్చుంటే, ముందు నోట్సు రాసుకునే యాప్ మార్చాలని గుర్తొస్తుంది. పాత యాప్‌లోంచి కొత్తదానిలోకి వేల నోట్సు తరలించడంతో వారం గడిచిపోతుంది. ఆ నోట్సులో చాలామటుకు ఏ నోట్సు యాప్ మంచిదన్నదాని మీదే ఉంటాయి. మధ్యలో క్నూత్ 1990 జనవరి 1 నుంచి ఈమెయిల్ వాడటమే మానేశాడన్న సంగతి చదివి చలించిపోయి, ఆ లింకును వెంటనే మూడు గ్రూపుల్లో పెడతాడు.

తరవాత సంక్రాంతి. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు ఉదయం ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. రెండు లాప్‌టాప్‌లు, మూడు బ్రౌజర్లు, సెకన్లు చూపే గడియారంతో సిద్ధంగా కూర్చున్నా వెయిటింగ్ లిస్టే వస్తుంది. చివరికి కారులో బయల్దేరి, విజయవాడ దారిలో పంతంగి టోల్‌గేటు దగ్గర కిలోమీటర్ల పొడవు వరసలో నిలబడి, ఆ వరసను ఎలా నడపాలో మనసులోనే డిజైను చేస్తాడు. లాప్‌టాప్ బ్యాగు ఒళ్ళోనే ఉంటుంది. భోగిమంట వేసే తెల్లవారుజాము అయిదింటికి కాలిఫోర్నియాలో ముందురోజు మధ్యాహ్నం మూడున్నర; సరిగ్గా సర్వర్లు పడిపోయే వేళ.

ఈ జాతిలో ఆడవాళ్ళూ సగం కాకపోయినా బాగానే ఉన్నారు. అదే కోడు రాస్తారు, అదే భోగినాటి ఫోన్‌కాల్ ఎత్తుతారు, కాకపోతే ఎదురుగా అరిసెల పాకం ఉంటుంది. వాళ్ళ సరదాల గురించి ఇక్కడ రాయడానికి పెద్దగా దొరకదు. ఇంట్లో అటక మీద జాగా అతని కేబుళ్ళు తీసుకున్నాయి, ఆదివారం ఉదయం అతని సైకిలు తీసుకుంది. ఇది నవ్వే విషయం కాదు కాబట్టి ఇంతటితో ఆపడం మంచిది.

ఊళ్ళో మూడు రోజులూ అతనికి మిగిలేది పిండివంటలు కాదు, పరికరాలు. “ఒరే అబ్బాయ్, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఈ టీవీలో చానళ్ళు రావట్లేదు చూడు” అని పెదనాన్న పిలుస్తాడు. గుడ్ మార్నింగ్ బొమ్మలతో నిండిపోయి నోరు తెరవని ఫోను పిన్ని తెచ్చిస్తుంది. ఎదురింటాయన ప్రింటరునే సైకిలు వెనక కట్టుకుని వస్తాడు. కాదంటే చదువు బయటపడుతుందని మనవాడు దాన్ని వరండాలో పరిచి కూర్చుంటాడు, భోజనాల వేళ దాటుతుంది, ఇంకు చేతులకంటుకుంటుంది, కాగితం అక్కడే ఇరుక్కుని ఉంటుంది. బంధువులు ఒక సంగతి తెలుసుకోవాలి: ప్రింటరు గురించి అతనికి ఏమీ తెలియదు. వీలైతే పండగ మూడు రోజులూ అతన్ని వదిలేసి, దాన్ని బజారులో రిపేరు చేసే కుర్రాడి దగ్గరకు పట్టుకెళ్ళండి.